రాయగిరి రాయి, హుస్సేన్‌సాగరు నీరు



చాలా రోజులకు మళ్ళీ ఒక పెద్ద టపా వ్రాద్దామని కూర్చున్నాను. విషయం చూడబోతే చిన్నదే. మొన్నటి చలికాలంలో ఒక ఆదివారం నాడు హైదరాబాదులో, హుస్సేన్‌సాగరు మీద, పడవలో కూర్చుని మధ్యాహ్న భోజనం చేశాను. ఒక పూట భోజనానికి ఇంత ఉపోద్ఘాతం ఎందుకయ్యా అంటారేమో. ఆ భోజనం మధ్యలో నా పాత శిష్యుడొకడు ఒక మాట అన్నాడు. ఆ మాట గొంతులో ముల్లులా నిలిచిపోయింది. అది దిగాలంటే కొంత చరిత్ర తవ్వక తప్పదు. ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాడిని. చరిత్ర నా సొంత విషయం కాకపోయినా, ఈ కథలో మా ఊరి చుట్టుపట్ల రాయి ఉన్నది, మా పొలాల నీరు ఉన్నది, నా తప్పు కూడా ఒకటి ఉన్నది. కనుక వ్రాసే అధికారం కొంత నాకూ ఉన్నదనుకుంటాను.

మాది రామన్నపేట. నిన్నమొన్నటి దాకా నల్లగొండ జిల్లా, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లా. మెట్ట ప్రాంతం. సముద్రం చూడాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే కాబోలు, మా పెద్దలు చెరువులనే సముద్రాలన్నారు. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలం నాటి చెరువు పేరు ఉదయ సముద్రం. కాకతీయుల చెరువులకూ సముద్రాంత నామాలు కనబడుతాయి. ఉప్పునీటి సముద్రం ఎరుగని వాళ్ళకు, నాలుగు వానల నీరు ఒక కట్ట వెనుక నిలిస్తే అదే సముద్రం. 'రేవు' అన్నా మాకు చాకలిరేవే గాని ఓడరేవు కాదు. హుస్సేన్‌సాగరులోని 'సాగరం' కూడా ఆ వరుసలోనిదే. ఓడరేవు లేని హైదరాబాదుకు ఉన్న ఒకే ఒక్క రేవు అది.

ఆ రేవు దగ్గర, లుంబినీ వనంలో మా పదవ తరగతి పాత విద్యార్థులు ఇరవైమంది దాకా చేరారు. వాళ్ళందరికీ ఇప్పుడు యాభై దాటాయి. కొందరికి నాకన్నా ఎక్కువ వెంట్రుకలు నెరిశాయి. "సార్, ఈసారి ఫంక్షన్ హాలు వద్దు, పడవ మీద తిందాం" అని వాళ్ళే ఏర్పాటు చేశారు. 'భాగమతి' అనే పెద్ద లాంచీ. భాగ్యనగరం పేరు వెనుక ఉన్నదని చెప్పుకునే ఆమె పేరే దానికి పెట్టారు. ఆమె కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది పండితులు ఇంకా తేల్చని విషయం. పడవ మాత్రం నిజమైనదే కనుక నిశ్చింతగా ఎక్కాను.

1994లో తెరిచిన ఆ వనంలోకి అడుగుపెట్టగానే మరొక తేదీ కూడా మనసులో మెదిలింది. 2007 ఆగస్టు 25 సాయంకాలం అక్కడ లేజరు ప్రదర్శన చూస్తున్న వారి మధ్య బాంబు పేలింది. విహారానికని వెళ్ళి ఇళ్ళకు తిరిగిరాని వారిలో చదువుకునే పిల్లలున్నారు. ఈ ఊళ్ళో ఆనందపు స్థలాలకు కూడా ఒక్కొక్కదానికి ఒక్కొక్క శోకం ఉన్నది. తెలిసి నడవడమే మనం చేయగలిగింది.

పడవ కదిలింది. వడ్డన మొదలైంది. బగారా అన్నం, గుత్తి వంకాయ కూర, పచ్చిపులుసు, మిరపకాయ బజ్జీలు, చివర డబల్ కా మీఠా. దక్షిణాన నౌబత్ పహాడ్ మీద 1976లో వెలసిన బిర్లా మందిరం పాలరాతి తెలుపు. దాని ఇవతల 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త సచివాలయం గుమ్మటాలు. దగ్గరలోనే అదే నెల 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కరు విగ్రహం. అదే ఏడాది జూన్ 22న తెరిచిన తెలంగాణ అమరవీరుల స్మారకం, దీపపు ప్రమిద ఆకారంలో మెరుస్తున్నది. తూర్పున టాంకుబండు. ఎండ చల్లగా ఉన్నది. గాలి తిరిగినప్పుడు మాత్రం నీటి నుండి ఒక వాసన వచ్చి, పచ్చిపులుసు రుచిని కాస్త చెడగొట్టి పోతున్నది. ఆ వాసన సంగతి చివర చెపుతాను.

* * *

హైదరాబాదు కన్నా ఈ చెరువు పెద్దది. విస్తీర్ణంలో కాదు, వయసులో. నగరం 1591లో పుట్టింది. చెరువు 1562 నాటిది. గోలకొండను ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుతున్న కాలం. తెలుగు కవులను ఆదరించి, వారి నోట 'మల్కిభరాముడు' అనిపించుకున్న ప్రభువు ఆయనే. ఆయన అల్లుడు హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్ట పడింది, మూసీ నుండి కాలువ త్రవ్వి చెరువు నింపారు. ఈ కాలువ మాట గుర్తుంచుకొనండి, మళ్ళీ దీనికి వస్తాను.

జనంలో ఒక కథ ఉన్నది. చెరువుకు తన పేరు రావాలని రాజుకు ఉండేదట. జనం మాత్రం నిలబడి కట్టించిన హుస్సేన్ పేరుతోనే పిలిచారట. అప్పుడు రాజు చిన్నబోయి మరొకచోట ఇంకొక చెరువు కట్టించి దానికి ఇబ్రహీంపట్నం అని తన పేరు పెట్టుకున్నాడట. నిజానిజాలు ఎట్లున్నా కథలోని ధర్మం నాకు నచ్చుతుంది. సొమ్ము పెట్టినవాడి పేరు కాక, ఎండలో నిలబడ్డవాడి పేరు నిలవాలని జనం కోరుకున్నారు. కాని ఆ కథలో కూడా మట్టి మోసినవాడి పేరు లేదు. ఇన్నేళ్ళూ ఈ కథను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఆ లోపం నాకు ఎన్నడూ తోచలేదు.

చాలా కాలం ఇది ఊరికి త్రాగునీరిచ్చింది. చెరువుకు ఆవలి ఒడ్డున బ్రిటిషు దండు దిగిన చోటికి సికిందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాదు అని పేరు వచ్చాక, ఇది రెండు నగరాల నడుమ సరిహద్దుగానూ, సేతువుగానూ నిలిచింది. 1908 సెప్టెంబరు మూసీ వరదల దరిమిలా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తయ్యాయి. 1930 ప్రాంతానికి హుస్సేన్‌సాగరు నీరు త్రాగే అవసరం తీరిపోయింది. ఎవరూ త్రాగని నీటిని గురించి ఎవరికి పట్టింపు ఉంటుంది? ఇల్లు గడిచేదాకా తల్లి, గడిచాక ముసలిది అన్నట్లయింది. మిగిలింది విహారం. తెరచాప పడవల పోటీలు, సాయంత్రపు షికార్లు, కట్ట మీద మిర్చి బజ్జీలు.

* * *

భోజనం సగంలో ఉండగా పడవ బుద్ధుని దగ్గరికి వచ్చింది. అందరూ చేతిలో పళ్ళెం అట్లే పట్టుకుని ఆ ప్రక్కకు ఒరిగారు. 58 అడుగుల నిలువు, సుమారు 350 టన్నుల బరువు, ఒకే రాయి. కుడిచేయి అభయముద్రలో ఎత్తి, ఎడమచేత ఉత్తరీయపు కొస పట్టుకుని, నీటి నడుమ దిమ్మె మీద నిలుచున్నాడు. ఆ దిమ్మెను 'జిబ్రాల్టరు రాయి' అంటారు. బుద్ధునికి, మధ్యధరా సముద్రపు ముఖద్వారానికి సంబంధమేమిటో పేరు పెట్టినవారికే తెలియాలి.

ఈ విగ్రహం పుట్టుక కథ అందరికీ తెలిసినదే. ముఖ్యమంత్రిగా ఉన్న నందమూరి తారక రామారావుగారు అమెరికా వెళ్ళినప్పుడు న్యూయార్కు రేవులో స్వేచ్ఛా ప్రతిమను చూశారు. మన రాజధానిలోనూ అటువంటిది ఒకటి ఉండాలని సంకల్పించారు. అందుకు తెలుగునేలకు ఆప్తుడైన బుద్ధుణ్ణి ఎన్నుకున్నారు. అమరావతి, నాగార్జునకొండ, మా ప్రక్కనే ఫణిగిరి, ఇంతటి బౌద్ధ వారసత్వం ఉన్న నేలకు ఆ ఎంపిక తగినదే.

2014లో మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు ఆ స్వేచ్ఛా ప్రతిమను నేనూ చూశాను. అదీ ఇట్లాగే, భోజనం పెట్టే పడవలోనే. చుట్టూ అద్దాలు, తెల్లని బల్లగుడ్డలు. శాకాహారం అడిగితే ఉడకబెట్టిన కాయగూరలు తెచ్చి పెట్టారు. మా ఆవిడ సంచిలోంచి చల్లమిరపకాయల పొట్లం తీసి ఎవరూ చూడకుండా నాకు అందించింది. ఎల్లిస్ ద్వీపం పక్కగా పోయి పడవ ఆ ప్రతిమ ముందు కొంతసేపు ఆగింది. ఫ్రెంచి శిల్పి బార్తోల్డి రూపకల్పన, ఈఫిలు అమర్చిన లోపలి ఇనుప చట్రం, పైన రాగి రేకు. 1885లో ఇజేర్ అనే ఓడలో 350 ముక్కలుగా, 214 పెట్టెలలో సముద్రం దాటి వచ్చింది. పీఠానికి డబ్బు చాలకపోతే పులిట్జరు అనే పత్రికాధిపతి చందాలడిగి, ఇచ్చిన ప్రతివారి పేరూ, పైసలిచ్చిన చిన్నపిల్లల పేరుతో సహా, తన పత్రికలో అచ్చువేశాడు. లక్ష డాలర్లకు పైగా పోగయ్యాయి. 1886 అక్టోబరు 28న ఆవిష్కరణ.

ఆ పేర్లు అచ్చువేసిన సంగతి అప్పుడు చదివి, ఊరకే బాగుందనుకున్నాను. దాని విలువ హుస్సేన్‌సాగరు మీద తెలిసింది.

అక్కడిది ముక్కలుగా వచ్చింది. మనది అఖండంగా రావాలన్నారు. 350 ముక్కలకు బదులు 350 టన్నుల ఒకే ముక్క. ఆ తేడాలోనే తరువాతి కథంతా ఉన్నది.

* * *

అంత పెద్ద తెల్లని రాయి కోసం వెతగ్గా అది మా దగ్గర దొరికింది. భువనగిరి దాటగానే వరంగల్లు రహదారి ప్రక్కన రాయగిరి. యాదగిరిగుట్టకు పోయేవారందరికీ తెలిసిన ఊరే. 1985లో పని మొదలైంది. స్థపతి ఎస్.ఎం. గణపతి. కన్యాకుమారిలో సముద్రం మధ్య 2000 సంవత్సరంలో నిలిచిన 133 అడుగుల తిరువళ్ళువరు విగ్రహం చెక్కించిన వి. గణపతి స్థపతి వేరు, ఈయన వేరు. ఇద్దరిదీ తమిళ స్థపతుల పరంపర, ఇద్దరి పేరూ ఒకటే కావడం వలన పొరపడేవారున్నారు. ఆయన క్రింద వందల మంది రెండేళ్ళకు పైగా పనిచేశారు. శిల్పులు కొందరు. శిల్పుల చేతికి రాయి అందేలోపు బండను విడగొట్టి, దుమ్ములో కూర్చుని ఉలీ సుత్తీ పట్టుకుని వరుసగా పై పెంకు లేపినవారు ఎందరో. వారిలో మా చుట్టుపక్కల ఊళ్ళ వడ్డెరలున్నారు.

1987 జనవరిలో తొమ్మిదవ తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోయాను. నాకప్పుడు ముప్ఫై నిండలేదు. ఉద్యోగం కొత్త, ఉత్సాహం ఎక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ. బస్సులో భువనగిరికి, అక్కడి నుండి మరొక బస్సులో రాయగిరికి. పిల్లలను ఎండలో వరుసగా నిలబెట్టి, బుద్ధుని జీవితం, అష్టాంగ మార్గం, శిల్పశాస్త్రంలోని తాలమానం, అన్నీ ఒక గంట సేపు ఉపన్యసించాను. వెనుక ఉలిదెబ్బల చప్పుడు. ఆ చప్పుడుకు నా గొంతు వినబడడం లేదని విసుగు కూడా.

అంతలో ఒక పిల్లవాడు వరుసలోంచి జారుకున్నాడు. చూస్తే పనివాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా నిండా రాతి దుమ్ము. ఎవరో పెట్టిన జొన్నరొట్టె తింటున్నాడు. నేను పోయి చెవి పట్టుకుని లేపాను. "ఇక్కడికి తిండికొచ్చావా, చదువుకొచ్చావా? పనివాళ్ళ పని చెడగొడతావా?" అని అందరి ముందూ ఒకటి వేసినట్టు గుర్తు. వాడు ఏమీ అనలేదు. మరునాడు అందరిచేతా 'నేను చూసిన శిల్పసౌందర్యం' అన్న వ్యాసం వ్రాయించాను. వాడి వ్యాసానికి మార్కులు తక్కువ వేశాను. దానిలో బుద్ధుడు లేడు, సుత్తులు ఎన్ని రకాలో ఉన్నది.

పడవలో నా ఎదురుగా కూర్చుని ఇప్పుడు నా పళ్ళెంలో వంకాయ కూర వేస్తున్నది వాడే. నగరంలో ఇళ్ళు కట్టించే పని చేస్తున్నాడు. విగ్రహం వైపు చూస్తూ, చాలా మామూలుగా అన్నాడు.

"సార్, ఆనాడు రాయగిరిల నాకు రొట్టె పెట్టింది మా నాయినే. మీకు చెప్పలే. చెప్తే మీరు నాయినను కూడ ఏమన్న అంటరేమోనని భయమైంది."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ప్రక్కవాళ్ళు నవ్వారు, వాడూ నవ్వాడు. వాడి మనసులో ఏమీ లేదు. నొప్పించాలని అన్నది కాదు. అందుకే ఎక్కువ నొచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ క్రిందటి మాట. తండ్రి చూస్తుండగా కొడుకు చెవి పట్టుకున్నాను. పని చేస్తున్న తండ్రి పని ఆపి, మాట్లాడకుండా నిలబడి ఉంటాడు. నాకు ఆయన ముఖం గుర్తు లేదు. నేను చూస్తే కదా గుర్తుండేది! బుద్ధుని కరుణను గురించి గంట సేపు చెప్పిన రోజది.

* * *

తరువాతి చరిత్ర క్లుప్తంగా చెపుతాను. 1988లో విగ్రహాన్ని ఎన్నో చక్రాల బండి మీద పడుకోబెట్టి హైదరాబాదు తరలించారు. అరవై కిలోమీటర్ల దారి. దాని కోసం దారి వెడల్పు చేయవలసి వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు దారి ప్రక్కన నిలిచి చూశాయి. కొబ్బరికాయలు కొట్టినవారున్నారు. 1989 చివర ఎన్నికలలో రామారావుగారి ప్రభుత్వం పోయి చెన్నారెడ్డిగారి ప్రభుత్వం వచ్చింది. విగ్రహం చెరువు గట్టున పడుకునే ఉన్నది.

1990 మార్చి 10, శనివారం. విగ్రహాన్ని పెద్ద బల్లకట్టు మీదికి ఎక్కించి దిమ్మె దగ్గరికి తీసుకుపోతున్నారు. ఒడ్డు నుండి ఎంతో దూరం పోకముందే బరువు ఒక ప్రక్కకు ఒరిగింది. విగ్రహం జారి నీటిలో పడింది. దానితోపాటు పనివాళ్ళు. పది మంది వరకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇది అపశకునమన్నవారు కొందరు, రాజకీయమన్నవారు కొందరు. మా ఊరి హోటలు దగ్గర నెల రోజులు అదే మాట. బుద్ధుడు మునిగిన సంగతి అందరూ మాట్లాడుకున్నారు. మునిగిన మనుషులను గురించి మాట్లాడుకున్నది తక్కువ. నేనూ ఆ గుంపులోని వాడినే.

రెండేళ్ళకు పైగా బుద్ధుడు నీటి అడుగున పడుకున్నాడు. తరువాత పైకి తీశారు. రాయి ఎక్కడా పగులలేదు. 1992 డిసెంబరు 1న, కోట్ల విజయభాస్కరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా, దిమ్మె మీద నిలిపారు. అనుకున్నవారొకరు, ముంచుకున్నవారి కాలం ఇంకొకరిది, నిలిపినవారి కాలం మరొకరిది. 2006లో దలైలామా వచ్చి బౌద్ధ విధి ప్రకారం ప్రతిష్ఠ చేశారు. ఆ జనవరిలోనే ఆయన అమరావతిలో కాలచక్ర మహోత్సవం నిర్వహించారు.

మా పడవ దిమ్మె దగ్గర ఆగినప్పుడు అందరితోపాటు నేనూ దిగాను. పిల్లలు ఫోటోలు తీసుకుంటుంటే నేను చుట్టూ తిరిగి వెదికాను. 1990లో పోయినవారి పేర్లు ఎక్కడైనా చెక్కి ఉన్నాయేమోనని. నా కంటికి పడలేదు. పైసలిచ్చిన పసిపిల్లల పేర్లు అచ్చువేసిన ఊరి పత్రిక అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఈ చెరువులో మునిగిన విగ్రహాలు ఎన్ని విధాలో ఆలోచించాను. భక్తితో మనమే ముంచేవి మొదటివి. ఏటేటా వినాయకుళ్ళు. అనుకోకుండా మునిగినది రెండవది, ఈ బుద్ధుడు. కోపంతో ముంచినవి మూడవవి. 1986లో రామారావుగారే టాంకుబండు మీద ముప్ఫై మూడు విగ్రహాలు నిలిపారు. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, పోతన, మొల్ల, వేమన, మా సురవరం ప్రతాపరెడ్డిగారు, ఇంకా ఎందరో. తెలుగు పండితుడికి అది తీర్థయాత్రాస్థలమే. 2011లో తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ జరిగిన నాడు వాటిలో కొన్నింటిని పడగొట్టి నీటిలో వేశారు. ఆ రోజు కూడా మార్చి 10. బుద్ధుడు మునిగి సరిగ్గా ఇరవై ఒక్క ఏళ్ళు.

ఆ వార్త టీవీలో చూస్తూ నేను రెండుగా చీలిపోయాను. తెలంగాణ కావాలని కోరుకున్నవాడిని. నిలబెట్టిన వరుసలో మా వాళ్ళకు చోటు తక్కువైందన్న బాధ నాకూ ఉండేది. కాని నేను పాఠం చెప్పి పొట్టపోసుకున్న కవి తల నీటిలో తేలడం చూడలేకపోయాను. ఆ విగ్రహాలు తరువాత మళ్ళీ నిలిచాయి. మంచిదే. అయితే పడవలో కూర్చుని లెక్కవేస్తే నాకు అర్థమైనది ఒకటే. మునిగిన ప్రతి విగ్రహానికీ మాట్లాడేవారు దొరికారు, పైకి తీసేవారు దొరికారు, మళ్ళీ చేయించేవారు దొరికారు. మునిగిన కూలీలకు మాత్రం ఆ భాగ్యం లేకపోయింది.

* * *

ఇక ఆ వాసన సంగతి. చెరువు పుట్టిననాడు మూసీ నుండి కాలువ ద్వారా మంచినీరు దానిలోకి వచ్చిందని చెప్పాను కదా. ఇప్పటి నడక వేరు. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూరు, పికెటు నాలాలు దానిలో కలుస్తాయి. వాటి వెంట దశాబ్దాలుగా ఇళ్ళ మురుగూ, కర్మాగారాల నీళ్ళూ వచ్చాయి. నిండిన నీరు అలుగు నాలా గుండా హిమాయత్‌నగర్, నల్లకుంట మీదుగా పోయి మూసీలో పడుతుంది. మూసీ ఎక్కడికి పోతుంది? మా వైపుకే వస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్యగా పారి, నగరమంతా వదిలినదాన్ని తీసుకుని, బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ, రామన్నపేట ప్రాంతాల మీదుగా పోయి, చివరకు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో కత్వలు, కాలువలు. ఆ నీళ్ళతోనే మా వైపు వరి పండుతుంది. నా చిన్నప్పుడు మూసీలో చెలిమె తీసి నీళ్ళు త్రాగినవాళ్ళం. ఇప్పుడు కత్వ మీద తెల్లని నురగ పొర్లుతుంటుంది. నీళ్ళలో దిగి నాటు వేసే ఆడవాళ్ళు కాళ్ళు దురదలని చెపుతారు. నీళ్ళు లేవని ఏడ్చిన మెట్ట రైతు, నీళ్ళు వచ్చాక ఇట్లా ఏడుస్తాడని ఏ కవీ ఊహించి ఉండడు.

అంటే మేము ఆ చెరువుకు ఇచ్చింది తెల్లని రాయి. అది మాకు పంపుతున్నది నల్లని నీరు. దీనిని నేను నగరం మీద కోపంతో వ్రాయడం లేదు. మా పిల్లలందరూ అక్కడే బ్రతుకుతున్నారు. ఆ మురుగులో మా శిష్యుల ఇళ్ళ నీళ్ళూ ఉన్నాయి. పడవలో మేము చేతులు కడుగుకున్న నీళ్ళూ ఎక్కడికో పోయి ఉంటాయి కదా.

* * *

ఆ తరువాత వారం శిష్యుణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. రామన్నపేట నుండి ఎంతో దూరం లేదు. కాలువ గట్టు వెంబడి దారి, నురగ ఎండి గడ్డి మీద తెల్లగా అట్టగట్టి ఉన్నది. పెద్దాయనకు ఎనభైకి దగ్గర. అరుగు మీద మంచంలో కూర్చున్నాడు. దగ్గు ఉన్నది. నన్ను చూడగానే లేవబోయాడు. నేనే వంగి చేతులు పట్టుకున్నాను. ఆ చేతి వేళ్ళు ఇప్పటికీ ఉలి పట్టుకున్నట్టే వంకర తిరిగి ఉన్నాయి.

"అన్నా, ఆనాడు నీ కొడుకును నీ ముందట కొట్టిన. తెలువక చేసిన. తప్పైంది" అన్నాను. ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ణి, ఈ నాలుగు ముక్కలకు గొంతు పట్టుకున్నది.

ఆయన కొంచెం ఆలోచించాడు. "అట్లనా? నాకు యాదికి లేదు సారూ. పంతులు కొడితేనే గద చదువొచ్చేది" అన్నాడు. నిజంగా గుర్తులేదో, నా బరువు దించాలని అన్నాడో తెలియలేదు. ఆ మాటతో నా బరువు దిగలేదు, అది వేరు సంగతి.

"బుద్ధుణ్ణి చూసినవా అన్నా, నిలబెట్టినంక?" అని అడిగాను.

"ఒక్కసారి. కట్ట మీదికెల్లి చూసిన. పిలగాడు పడవెక్కుమన్నడు. నేనెక్కలే. ఆ నీళ్ళల్ల మనోళ్ళు పోయిండ్రు గద."

నేను జేబులోంచి ఫోను తీసి, ఆ రోజు పడవలోంచీ దిమ్మె మీదా తీసిన ఫోటోలు చూపించాను. ఆయన దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు. ముఖం, అభయహస్తం, వెనుక ఆకాశం, ముందు మా గుంపు నవ్వులు. చివరిదాకా చూసి ఫోను నా చేతికిచ్చి అడిగాడు.

"పాదాలు పడలేదా సారూ? నేను పాదాల కాడ కొట్టిన."

మళ్ళీ మొదటి నుండి వెదికాను. పదహారు ఫోటోలున్నాయి. ఒక్కదానిలోనూ పాదాలు లేవు. అందరమూ తలెత్తి ముఖమే తీశాము.

వచ్చే నెల హైదరాబాదులో కంటి వైద్యుడి దగ్గర పని ఉన్నది. అప్పుడు మళ్ళీ ఆ పడవ ఎక్కుతాను. ఈసారి భోజనం కోసం కాదు. చదువరులలో ఎవరైనా ఈలోగా అటు వెళితే, దయచేసి ఒక్కసారి తల దించి ఆ పాదాల వైపు కూడా చూడండి. పని చాలా నున్నగా, శ్రద్ధగా ఉంటుందని ఆయన చెప్పాడు.